గింజలను లెక్కించిన గురువు : గ్రెగరు మెండెలు

కొలిమిగుండ్ల చుట్టుపట్ల నల్లరేగడి చేలు గల రైతులలో పప్పుశనగ వేయనివారు అరుదు. వర్షకాలపు తడి భూమిలో నుండగనే విత్తనము వేసి, చలికాలమంతయు మంచుతోనే పైరును పెంచి, చలి తగ్గునప్పటికి కోత కోయుదురు. ఇంటికి వచ్చిన పంటలో మేలైన గింజలను వేరుచేసి మరుసటి యేటికి విత్తనముగా దాచుకొనుట పెద్దలనాటినుండి వచ్చుచున్న యాచారము. అట్లు దాచిన గింజ మరుసటి యేడును తన తల్లిని పోలిన పంటనే యిచ్చును. సంకర ప్రత్తి విషయమున నిట్లు జరుగదు. దాని గింజలను దాచి విత్తినచో చేను ఒక్క తీరుగా రాదు. ఒక చెట్టు పొడవు, ఒకటి పొట్టి. ఒకదాని కాయ పెద్దది, మరియొకదానిది చిన్నది. కావున రైతు ఏటేట విత్తనమునకై డబ్బు పెట్టక తప్పదు.

ఒక గింజ తల్లిని పోలుటయు, వేరొక గింజ పోలకపోవుటయు ఏ కారణముచేత కలుగుచున్నవి? ఈ ప్రశ్నకు లెక్కతో కూడిన జవాబును మొదట చెప్పినవాడు గొప్ప సర్వకళాశాలలో నాచార్యుడు కాడు, ధనవంతుడు కాడు. ఒక బీదరైతు కుమారుడు. క్రైస్తవ మఠమున చేరిన గురువు. ఉపాధ్యాయ పరీక్షలో రెండుసారులు కృతార్థుడు కాలేకపోయిన బడిపంతులు. అతని పేరు గ్రెగరు మెండెలు. మా పాఠశాలలోని పిల్లలలో పలువురు సేద్యము చేయు కుటుంబములవారే గనుక, ఆ మహనీయుని జీవితమును వారికిని వారి తలిదండ్రులకును తెలుప దలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మెండెలు 1822వ సంవత్సరము జూలై నెలలో హైంజెండార్ఫు అను చిన్న పల్లెయందు జన్మించెను. ఆ పల్లె యప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యములో నుండెను. ఇప్పుడు చెక్ దేశములో నున్నది. తలిదండ్రులు పెట్టిన పేరు యోహాను. తండ్రి ఆంటోను చిన్న కమతము గల రైతు. ఆ కాలపు కట్టుబాటు ననుసరించి అతడు వారమునకు మూడు దినములు జమీందారుని పొలములో వెట్టి చేసి, మిగిలిన దినములలో తన పొలము దున్నుకొనవలసి యుండెను. తల్లి పేరు రోసీన. వెరోనికా, తెరేసియా అను నిద్దరు తోబుట్టువులు. ఊరి గురువు బడిపిల్లలకు పండ్లచెట్ల పెంపకమును నేర్పుచుండెను. తండ్రి తోటలో చెట్లకు అంటుకట్టుటను చూచుచు పెరిగిన యా బాలునికి మొక్కలయందు ప్రీతి చిన్ననాడే కలిగెను.

బాలుని తెలివిని చూచి పంతులుగారు పై చదువునకు పంపుమని తలిదండ్రులకు చెప్పిరి. ఒక్కడే కొడుకు, వాడు పోయినచో పొలము చూచువాడు లేడు. అయినను వారు సాహసించి 1833లో లైప్నికు పట్టణపు బడికిని, 1834లో ట్రోపా పట్టణమందలి ఉన్నత పాఠశాలకును పంపిరి. పూర్తి భోజనమునకు చాలినంత సొమ్ము కట్టలేక సగము భోజనమునకే కట్టిరి. తక్కినది ఇంటినుండి బండిమీద వచ్చు రొట్టెయు వెన్నయు. అవి రానినాడు పస్తే. 1838లో తండ్రి వెట్టిపని చేయుచుండగా చెట్టుదుంగ రొమ్ముపై పడి అతని ఆరోగ్యము చెడెను. అప్పటినుండి పదునారేండ్ల యోహాను ఇతర పిల్లలకు పాఠములు చెప్పి తన ఖర్చులను తానే సంపాదించుకొనవలసి వచ్చెను. ఆకలిచేతను, అలసటచేతను అతడు జబ్బుపడి నెలలకొలది యింటనే యుండిన సమయములు గలవు.

1840లో ఉన్నత పాఠశాల చదువు ముగిసినది. తరువాతి చదువునకు డబ్బు లేకపోయెను. తండ్రి పొలమును పెద్దల్లునికి విక్రయించెను. చెల్లెలు తెరేసియా తన పెండ్లికై యుంచిన కట్నములో కొంత భాగమును అన్న చదువునకు విడిచి పెట్టెను. ఆ సాయముతో అతడు ఓల్మూట్జు పట్టణమున చదువు సాగించెను. ఈ ఋణమును మెండెలు మరువలేదు. తనకు సంపాదన కలిగిన పిమ్మట ఆ చెల్లెలి కుమారులను చదివించెను. వారిలో నిద్దరు వైద్యులైరి. అన్నదమ్ముల చదువునకై తమ చదువును, తమ సొమ్మును వదలుకొన్న చెల్లెండ్రు మన యిండ్లలోను గలరు. వారిపట్ల మనకు గల బాధ్యత యెట్టిదో యీ వృత్తాంతము తెలుపుచున్నది.

ఓల్మూట్జులో భౌతికశాస్త్రము బోధించు ఆచార్యుని సిఫారసుపై మెండెలు 1843 అక్టోబరులో బ్రూను పట్టణమందలి పరిశుద్ధ తోమా మఠమున ప్రవేశించెను. అది ఆగస్టీను సభవారిది. అచట అతనికి గ్రెగరు అను పేరిడిరి. కూటికై చింతపడవలసిన యవసరము లేకుండ చదువుకొనుటకు అతనికి దొరికిన మొదటి చోటు ఆ మఠమే. మఠాధిపతి సిరిలు నాప్పుగారు విద్యాభిమాని. సేద్యమునందును, గొఱ్ఱెల పెంపకమునందును శ్రద్ధ గలవాడు. తలిదండ్రుల లక్షణములు పిల్లలకు ఎట్లు సంక్రమించునను చర్చ ఆ పట్టణపు పెద్దలలో నప్పటికే జరుగుచుండెను.

1847లో మెండెలు గురుపట్టము పొందెను. రోగులను, మరణింపనున్నవారిని దర్శించి ఓదార్చు పని అతనికి అప్పగింపబడెను. వారి బాధను చూచినప్పుడెల్ల అతడు చలించి తానే మంచమెక్కుచుండెను. మఠాధిపతి యిది గ్రహించి, ఆ పని మాన్పించి, 1849లో జ్నాయిము పట్టణపు బడికి ఉపాధ్యాయునిగా పంపెను. ఆ బోధన పిల్లలకును పెద్దలకును నచ్చెను. స్థిరమైన యుద్యోగమునకు ఉపాధ్యాయ పరీక్షలో తేరవలసి యుండుటచే అతడు 1850లో పరీక్షకు కూర్చుండెను. భౌతికశాస్త్రమున బాగుగానే వ్రాసెను గాని, జంతుశాస్త్రమునందును భూగర్భశాస్త్రమునందును పరీక్షకులు అతనిని తప్పించిరి.

తప్పినవానిని మఠము తోసివేయలేదు. నాప్పుగారు అతనిని 1851లో వియన్నా సర్వకళాశాలకు పంపిరి. అచట అతడు 1853 వరకు చదివెను. ధ్వని తరంగములనుగూర్చిన సూత్రముచే ప్రసిద్ధుడైన డాప్లరు అతనికి భౌతికశాస్త్రమును, ఉంగరు వృక్షశాస్త్రమును, ఎటింగ్సుహౌసను గణితమునందలి కలయికల లెక్కలను నేర్పిరి. మొక్కల చదువును లెక్కల చదువును ఒక్క బుఱ్ఱలో చేర్చుకొన్నందువలననే తరువాతి పని సాధ్యమయ్యెనని మేము తలచుచున్నాము. మొక్కలను సంకరము చేసినవారు అంతకుముందును గలరు. వారు చూచినదానిని వర్ణించిరి. మెండెలు లెక్కించెను.

1854లో బ్రూను పట్టణపు పాఠశాలలో అతడు భౌతికశాస్త్రమును, ప్రకృతిశాస్త్రమును బోధింప నారంభించెను. 1856లో మరల పరీక్షకు పోయి, నడుమ జబ్బుపడి, తేరకయే తిరిగివచ్చెను. మూడవసారి ప్రయత్నింపలేదు. 1868 వరకు, అనగా పదునాలుగేండ్లు, అర్హతాపత్రము లేని సహాయోపాధ్యాయుడుగనే పనిచేసెను. ఆ రెండవ పరీక్ష తప్పిన 1856వ సంవత్సరముననే మఠపు తోటలో అతని బఠాణి ప్రయోగములు మొదలైనవి.

తోట చిన్నది. ప్రయోగమునకు దొరికిన మడి పొడవు సుమారు 35 మీటరులు, వెడల్పు 7 మీటరులు మాత్రమే. బఠాణినే యేల యెన్నుకొనెనో విద్యార్థులు గమనింపవలెను. బఠాణిపువ్వులో కేసరములును కీలాగ్రమును క్రింది రేకుల మడతలో మూసికొని యుండును. ఆ పువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. పరాయి పుప్పొడి సాధారణముగా లోపలికి చేరదు. కావున జాతి చెడదు. మన పప్పుశనగపువ్వు కట్టడియు నిట్టిదే. మనుష్యుడు కావలెనన్నచో మొగ్గ దశలోనే దానిని విప్పి, కేసరములను పట్టుకారుతో తీసివేసి, వేరొక మొక్కనుండి తెచ్చిన పుప్పొడిని కీలాగ్రమున రాచి సంకరము చేయవచ్చును. మెండెలు విత్తన వర్తకులనుండి 34 రకముల గింజలను తెప్పించి, రెండేండ్లు పండించి చూచి, తల్లిని తప్పక పోలు 22 రకములను మాత్రము ఉంచుకొనెను. పునాది గట్టిదని తెలిసినగాని గోడ లేపలేదు.

పిదప స్పష్టముగా వేరుపరుపదగిన యేడు లక్షణములను అతడు ఏర్పరచుకొనెను. గింజ గుండ్రనిదా, ముడుతలు పడినదా? గింజ లోపలి పప్పు పసుపుపచ్చనిదా, ఆకుపచ్చనిదా? గింజపై పొట్టు రంగుగలదా, తెల్లనిదా? కాయ నిండుగా నుబ్బినదా, గింజల నడుమ నొక్కుకొని పోయినదా? పచ్చికాయ ఆకుపచ్చనిదా, పసుపుపచ్చనిదా? పువ్వులు కాండము పొడవునను పూచునా, కొననే పూచునా? మొక్క పొడవైనదా, పొట్టిదా? ఈ యేడింటిలో నైదు గింజకును కాయకును సంబంధించినవే.

గుండ్రని గింజల జాతిని ముడుతగింజల జాతితో సంకరము చేయగా వచ్చిన గింజలన్నియు గుండ్రనివే యయ్యెను. ముడుత లక్షణము నశించినదా యని సంశయము కలుగును. మెండెలు ఆ సంకరపు గింజలను విత్తి, 253 మొక్కలను పెంచి, వానిని తమంతట తామే ఫలింపనిచ్చెను. ఆ పంటలో 7,324 గింజలు లభించినవి. అతడు వానిని వేరుచేసి లెక్కించెను. గుండ్రనివి 5,474, ముడుతలు పడినవి 1,850. పోయినదనుకొన్న లక్షణము మనుమల తరమున మరల కనబడెను. అదియు నొక్కొక్కచో నొకే కాయలో గుండ్రని గింజల ప్రక్కనే. పప్పు రంగునకై మరియొక ప్రయోగమున 8,023 గింజలను లెక్కింపగా పసుపుపచ్చనివి 6,022, ఆకుపచ్చనివి 2,001. ఉబ్బిన కాయలుగల మొక్కలు 882, నొక్కులుగలవి 299. ఆకుపచ్చకాయలవి 428, పసుపుకాయలవి 152. లక్షణము ఏదైనను లెక్క ఇంచుమించు మూటికి ఒకటి.

ఈ మూటికొకటి యెట్లు వచ్చుచున్నదో చిన్న యాటవలన తెలిసికొనవచ్చును. రెండు దొప్పలలో నొక్కొక్క నల్లపూసను, నొక్కొక్క తెల్లపూసను వేయుడు. కన్నులు మూసికొని ప్రతి దొప్పనుండి యొక్కొక్క పూసను తీసి జత కూర్చుడు. నలుపు నలుపు, నలుపు తెలుపు, తెలుపు నలుపు, తెలుపు తెలుపు అను నాలుగు విధములే కలుగును. జతలో నొక్క నల్లపూస యున్నను అది తెల్లదానిని మరుగుపరచునని తలచినచో, నాలుగింట మూడు నల్లగను, ఒకటి తెల్లగను కనబడును. ప్రతి మొక్కకును ఒక్కొక్క లక్షణమునకు రెండు కారకములుండుననియు, తల్లి యొకటి తండ్రి యొకటి యిచ్చుననియు, ఒకటి పైకి కనబడి రెండవది లోపల దాగియుండుననియు, దాగినది చెడక తన కాలమునకు మరల వెలువడుననియు మెండెలు చెప్పెను. పాలు నీళ్లు కలిసినట్లు తలిదండ్రుల లక్షణములు కలిసిపోవునను పాత నమ్మకము దీనితో కూలినది. ఆ కారకములనే నేడు జన్యువు లందుము. పైకి కనబడుదానిని బహిర్గత లక్షణమనియు, దాగియుండుదానిని అంతర్గత లక్షణమనియు పాఠ్యపుస్తకములు చెప్పును.

అతడంతటితో తృప్తి నొందలేదు. గుండ్రని గింజలు చూచుటకు ఒక్క తీరుగనే యున్నను, వానిలో కొన్ని శుద్ధమైనవి, కొన్ని ముడుతను లోపల దాచుకొన్నవి కావలెను గదా. అట్టి గుండ్రని గింజలనుండి 565 మొక్కలను పెంచి చూడగా, 193 మొక్కలు గుండ్రని గింజలనే యిచ్చెను; 372 మొక్కలు రెండు విధములను ఇచ్చెను. ఒకటికి ఇంచుమించు రెండు. ఆటలోని లెక్కయు నదియే. రెండు లక్షణములను కలిపి పరీక్షించినప్పుడు 556 గింజలలో గుండ్రని పసుపువి 315, ముడుత పసుపువి 101, గుండ్రని ఆకుపచ్చవి 108, ముడుత ఆకుపచ్చవి 32 వచ్చెను. గింజ యాకారమును పప్పు రంగును ఒకదాని నొకటి పట్టుకొనక, దేని దారిని అది పోవుచున్నవని దీనివలన తేలినది. తల్లిదండ్రులలో లేని కొత్త కలయికలు బిడ్డలలో పుట్టుటకు ఇదియే మూలము. 1863 వరకు ఎనిమిదేండ్లలో అతడు పెంచిన మొక్కలు సుమారు 28,000.

1865 ఫిబ్రవరి 8వ తేదీనను, మార్చి 8వ తేదీనను బ్రూను ప్రకృతిశాస్త్ర సంఘమున మెండెలు తన ప్రబంధమును చదివెను. 1866లో అది సంఘపు పత్రికలో అచ్చయినది. విడిప్రతులు నలువది వేయించుకొని, కొన్నింటిని పేరుగల శాస్త్రజ్ఞులకు పంపెను. దాని గొప్పతనమును గుర్తించినవారు లేకపోయిరి. మ్యూనికు నగరపు ఆచార్యుడు నేగెలి మాత్రము ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. అవి 1873 వరకు సాగినవి. నేగెలి యభిమానించిన హాక్‌వీడను గడ్డిపూలమొక్కపై మెండెలు ఏండ్లతరబడి పని చేసి, ఆ చిన్నిపువ్వులను విప్పుటలో కన్నులు చెడగొట్టుకొనెను. బఠాణి లెక్క అందులో కుదరలేదు. ఆ మొక్క పెక్కుసారులు పుప్పొడితో పని లేకయే గింజ కట్టుననియు, అందుచే పిల్లలు తల్లికి మారుప్రతులే యగుననియు అప్పటివారెవ్వరికిని తెలియదు. తన సూత్రము నిజమైనదే యైనను, దానిని సందేహించుటకు తగినంత కారణము మెండెలునకే కలిగినది. ఇంతకంటె కఠినమైన పరీక్ష యుండదు.

1868లో అతడు మఠాధిపతిగా ఎన్నుకొనబడెను. బడి విడిచి పోవలసి వచ్చెను. తోటపనికిని తీరిక తగ్గెను. అయినను తేనెటీగలను పెంచెను. వానయు, గాలియు, వేడిమియు దినదినము కొలిచి వ్రాసెను. 1870లో బ్రూనుపై విరుచుకుపడిన సుడిగాలిని గూర్చి శాస్త్రీయముగా వర్ణించెను. 1874లో ప్రభుత్వము మఠములపై వేసిన పన్ను అన్యాయమని తలచి దానిని కట్ట నిరాకరించెను. అధికారులు మఠపు ఆస్తిని జప్తు చేసినను అతడు తలయొగ్గలేదు. ఆ వివాదము అతని చివరి దినముల వరకు సాగి, స్నేహితులను దూరము చేసినది. మూత్రపిండముల వ్యాధిచే 1884 జనవరి 6వ తేదీన, అరువదియొకటవ యేట, అతడు ప్రభువునందు నిద్రించెను. పట్టణపు జనులు మంచి మఠాధిపతి పోయెనని దుఃఖించిరి. శాస్త్రజ్ఞుడు పోయెనని యెరిగినవారు లేరనియే చెప్పవచ్చును. అతని కాగితములలో పెక్కింటిని మఠమువారే తగులబెట్టిరి.

మన కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలను భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూసు ఫుట్టు లోకమునకు తెలియజేసినదియు ఆ 1884లోనే. భూమి క్రింద యుగములుగా నున్న గుహ యెవ్వరును చూడనంతమాత్రమున లేకపోలేదు. మెండెలు కనుగొన్న సత్యమును అట్లే గ్రంథాలయముల బీరువాలలో ముప్పదినాలుగేండ్లు పడియుండెను. 1900వ సంవత్సరమున హాలెండులో డీవ్రీసు, జర్మనీలో కొరెన్సు, ఆస్ట్రియాలో షెర్మాకు అను మువ్వురు వేరువేరుగ నట్టి ప్రయోగములు చేసి, పాత పత్రికలు తిరుగవేయగా మెండెలు ప్రబంధము బయటపడెను. ఆంగ్లేయుడు బేట్సను ఈ విద్యను ఇంగ్లండులో వ్యాపింపజేసి 1905లో దానికి పేరు పెట్టెను. అదియే మనము జన్యుశాస్త్ర మనునది. 1936లో ఫిషరను గణితవేత్త మెండెలు లెక్కలు ఉండవలసినదానికంటె మిక్కిలి చక్కగా సరిపోవుచున్నవని సందేహము వెలిబుచ్చెను. ఆ చర్చ దీర్ఘకాలము నడచినది. సూత్రము మాత్రము లెక్కలేనన్ని పంటలలో పరీక్షింపబడి నిలిచియున్నది. బఠాణిగింజకు ముడుత యేల కలుగునో 1990లో తేలినది. పిండిపదార్థమును తయారుచేయుటకు తోడ్పడు నొక జన్యువులో పరాయి తునక యొకటి చొచ్చియుండుటచే, గింజలో పిండి తగ్గి చక్కెర హెచ్చును. చక్కెర నీటిని పీల్చును. ఎండినప్పుడు ఆ నీరు పోయి గింజ ముడుచుకొనును. కాయ రంగు, కాయ యాకారము, పువ్వుల స్థానము అను మూడింటి జన్యువుల జాడ 2025లో దొరికినది. మెండెలు పేరులేక చెప్పిన కారకములు ఏడును ఇట్లు చేతికి చిక్కినవి.

ఇక మన చేలకు వత్తము. రైతునకు కావలసినది గింజ ముడుత గాదు, దిగుబడి. చెట్టునకు కాయలెన్ని, కాయకు గింజలెన్ని, నూరు గింజల బరువెంత అను మూడింటి గుణకారమే దిగుబడి. వీనిలో నొక్కొక్కదానిని పలు జన్యువులు కొద్దికొద్దిగా నడుపుచుండును. నేలయు వానయు తమ భాగమును చేర్చును. కావుననే దిగుబడి మూటికొకటిగా చీలక, తక్కువనుండి యెక్కువ వరకు వరుసగా మెట్లు మెట్లుగా కనబడును. చిక్కుడుజాతి పువ్వుల రంగులో ఇట్టి మెట్లను చూచి, ఒక్క రంగునకు పలు కారకములుండవచ్చునని మెండెలే ఊహించి యుండెను. ఒకటి పెంచగా మరియొకటి తగ్గుటయు గలదు. తెలంగాణములో ఆదిలాబాదు ప్రాంతమున పండించు సోయాచిక్కుడులో ఆకును సన్నగా చేయు నొక జన్యువు గలదు. అది యున్న మొక్కలలో నాలుగు గింజల కాయలు హెచ్చుగా వచ్చును. గింజ మాత్రము చిన్నదగుట కద్దు. పప్పుశనగలో నొక్క తొడిమకు రెండు కాయలు కాయుట ఒకే అంతర్గత జన్యువు పని. ఇట్టివానిని కూర్చుటయందే మేలురకమును పుట్టించువాని నేర్పు గలదు.

ఆ కూర్పు స్థిరపడుట యెట్లు? దీనిని మెండెలే లెక్క కట్టెను. తన పుప్పొడితో తానే ఫలించు పైరులో సంకరగుణము తరమునకు సగము చొప్పున తగ్గును. మొదట సగము, పిదప నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు; ఏడవ తరమున 128లో ఒక వంతు మాత్రమే మిగులును. కావున రెండు శనగరకములను సంకరము చేసి, మేలైనవానిని ఏటేట ఏరి విత్తుచుండగా, ఏడెనిమిదేండ్లకు నిలుకడగల రకము సిద్ధమగును. అందుకే దాచిన పప్పుశనగ విత్తనము తల్లిని పోలుచున్నది. సంకర ప్రత్తి చేనులోనిది మొదటి తరము. దాని గింజలు రెండవ తరమువి. మఠపు తోటలోని 7,324 గింజలవలె చీలిపోవును. మెండెలు లెక్కయే మన రైతును ఏటేట విత్తన దుకాణమునకు పంపుచున్నది.

నంద్యాలలో వ్యవసాయ క్షేత్రము 1906లో, అనగా మెండెలు ప్రబంధము బయటపడిన ఆరేండ్లకే, నెలకొల్పబడినది. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయు, జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలిసి సిద్ధపరచిన జె.జి. 11 అను శనగరకము 1999లో విడుదలయినది. త్వరగా కోతకు వచ్చి, ఎండుతెగులును తట్టుకొనుటచే అది మన రేగడి చేలలో పప్పుశనగ వ్యాపించుటకు ముఖ్యకారణ మయ్యెను. నంద్యాల క్షేత్రమువారు ఎత్తుగా నిలువున పెరిగి యంత్రముతో కోయుటకు వీలగు రకమును గూడ పుట్టించిరి. నేలబారు మొక్కను నిలువుగా చేసినది మంత్రము గాదు. మెండెలు చూపిన దారియే.

ఈ దారిలో నొక ముల్లును గలదు. సంకర ప్రత్తి విత్తనమును పండించు చేలలో సాయంకాలమున మొగ్గలనుండి కేసరములను తీసి, మరునాటి యుదయమున వేరొక రకపు పుప్పొడిని చేతితో రాయుదురు. మెండెలు పట్టుకారుతో చేసిన పనినే వేలకొలది వ్రేళ్లు చేయవలెను. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఆ పనికి బడి మాని కూలికి పోయిన చిన్న బాలికలు పెక్కుమంది. జన్యుశాస్త్రమును చదువవలసిన పిల్లలు, దాని పేరైన వినకయే దాని పనిని చేసి చేతులు నొప్పించుకొనిరి. తెరేసియా త్యాగము తన యిష్టముతో చేసినది. ఈ పిల్లల నెవ్వరును అడుగలేదు. తలిదండ్రులారా, పుప్పొడి రాయు కాలమున మీ బిడ్డ చేయి పలకను విడువకుండ చూడుడు. ఆ చేతికి మెండెలు లెక్కను మేము నేర్పెదము.

విద్యార్థులారా, పరీక్షలో తప్పినవాడు పనికిరాడని తలపకుడు. తప్పినంతమాత్రమున మెండెలులగుదుమనియు తలపకుడు. తప్పిన యేటనే అతడు తోటలోనికి పోయి గింజలను లెక్కింప నారంభించెను. ఈ యేడు పప్పుశనగ పూతకు వచ్చినప్పుడు మీరును చేనిలోనికి పోయి చూడుడు. దేశవాళి శనగపువ్వు గులాబిరంగు, దాని గింజపొట్టు గోధుమరంగు. కాబూలీ శనగపువ్వు తెలుపు, దాని పొట్టును తెలుపువంటిదే. బఠాణిలోను రంగుపువ్వునకు రంగుపొట్టే కలిసి వచ్చునని మెండెలు గమనించి వ్రాసెను. పువ్వును చూచి గింజరంగును ముందుగ చెప్పి, నూరు చెట్లను లెక్కించి, మీ మాట యెన్నింట నిజమయ్యెనో పుస్తకమున వ్రాసికొని రండు. తప్పినవానిని గూడ వ్రాయుడు.